ఉద్యోగం మానకుండానే ప్రాచీన బైబిల్ రాతప్రతుల చదువులోకి ఎలా రావాలి

మీరు మిర్యాలగూడ రైసుమిల్లులో లెక్కలు చూస్తుండవచ్చు, పోలేపల్లి ఫార్మా సెజ్‌లో షిఫ్టులు చేస్తుండవచ్చు, నల్గొండలో ఏదో ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తుండవచ్చు. ముప్పై దాటాక పాత బైబిల్ రాతప్రతులు చదవాలని, వీలైతే అదే బతుకుతెరువు చేసుకోవాలని అనిపిస్తే ఏ వరసలో ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. దీనికి క్రైస్తవులే కానక్కర్లేదు. ఈ రంగంలో యూదులు, క్రైస్తవులు, ఏ మతమూ పట్టనివారు ఒకే బల్ల దగ్గర కూర్చొని పనిచేస్తారు.

రాజీనామా మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. ఈ చదువుకు జీతమిచ్చే కొలువులు ప్రపంచమంతా వెతికినా తక్కువే. చదువు మొదలుపెట్టడానికి కావలసిన సరుకు మాత్రం దాదాపు అంతా ఉచితంగా మీ ఫోన్‌లోకే వస్తుంది. కాబట్టి మొదటి రెండేళ్లు జీతం జీతమే, చదువు చదువే. ఇంకో మాట కూడా ముందే చెప్తాను, తర్వాత దాని గురించి వివరంగా రాస్తాను. మన దక్షిణ తెలంగాణ నుంచి బయల్దేరేవారికి జర్మనీ, ఇంగ్లండు దారికన్నా కేరళ దారి దగ్గర. సిరియాక్ అనే పాత భాషలో బైబిల్ ప్రతులూ, ఆ భాష చదువూ అక్కడ ఉన్నాయి. చాలామంది ఆ దారి ఉందనే గమనించరు.

మొదట, ఆ పని ఏమిటో తెలుసుకోండి

బైబిల్ గ్రంథాల్లో ఏ ఒక్కదానికీ మొదట రాసిన ప్రతి మిగల్లేదు. ఉన్నవన్నీ నకళ్లు, నకళ్లకు నకళ్లు. కొత్త నిబంధనకు గ్రీకు భాషలోనే ఐదు వేలకు పైగా రాతప్రతులు ఉన్నాయి. కొన్ని అరచేతిలో పట్టే ముక్కలు, కొన్ని పూర్తి పుస్తకాలు. ఏ రెండూ అక్షరం అక్షరం ఒకేలా ఉండవు. వాటిని చదివి, పోల్చి, ఏ పాఠం ముందుదో, ఏది తర్వాత చేరిందో తేల్చడమే పని. తెలుగువారికి ఇది కొత్తేమీ కాదు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను జీతానికి పెట్టుకొని, ఒకే కావ్యానికి వేర్వేరు చోట్ల నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించి, పాఠాంతరాలు రాయించింది ఇలాగే.

ఒక ఉదాహరణ మీ ఇంట్లోని తెలుగు బైబిల్‌తోనే చూడొచ్చు. లూకా సువార్త 10వ అధ్యాయం, మంచి సమరయుని కథ తీయండి. 31వ వచనంలో యాజకుడు గాయపడ్డ మనిషిని చూసి "ప్రక్కగా పోయెను". 32వ వచనంలో లేవీయుడు వచ్చి చూసి, అతడూ "ప్రక్కగా పోయెను". గ్రీకులోనూ అంతే, రెండు వాక్యాలూ ఒకే క్రియతో ముగుస్తాయి. నాలుగో శతాబ్దంలో కోడెక్స్ సైనైటికస్ అనే ప్రతి రాస్తున్న లేఖకుడు మొదటి "ప్రక్కగా పోయెను" రాసి, మళ్లీ మూలం వైపు చూసేసరికి కన్ను రెండో దాని మీద పడింది. అంతే, లేవీయుడు కథలోంచి ఎగిరిపోయాడు. ఆ ప్రతిలో మొదట రాసిన పాఠంలో 32వ వచనం లేదు. ఎవరూ కావాలని తీసేయలేదు. అలసిన కన్ను చేసిన పని అది. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట దస్తావేజులు నకలు చేసే ఎవరిని అడిగినా తమ చేతిలోనూ ఇలాంటివి జరిగాయని చెప్తారు.

ఇప్పుడు మార్కు సువార్త 16వ అధ్యాయం తీయండి. 9 నుంచి 20 వరకు ఉన్న వచనాలు సైనైటికస్‌లో లేవు, అంతే పాతదైన వాటికనస్‌లోనూ లేవు. ఇక్కడ కన్ను జారిందని చెప్పలేం, ఎందుకంటే రెండు వేర్వేరు ప్రతులు ఒకేచోట ఆగిపోయాయి. మొదటిది లేఖకుడి పొరపాటు, రెండోది పాఠ చరిత్రకు సంబంధించిన పెద్ద ప్రశ్న. ఈ రెండింటికీ తేడా ఏమిటో కారణాలతో చెప్పాలన్న దురద మీకు పుడితే ముందుకు చదవండి. పుట్టకపోతే ఈ రంగం మీకు విసుగు తెప్పిస్తుంది, మొహమాటం లేకుండా చెప్తున్నాను.

ఈ వారంలోనే ప్రతులు కళ్లారా చూడండి

భాష రాకముందే బొమ్మలు చూడటం మొదలుపెట్టాలి. సైనైటికస్‌కు సొంత వెబ్‌సైట్ ఉంది. ఆ పుస్తకం ఆకులు ఇప్పుడు లండన్, లైప్‌జిగ్, సెయింట్ పీటర్స్‌బర్గ్, సీనాయి కొండ కింద ఉన్న సెయింట్ క్యాథరిన్ మఠం, ఇలా నాలుగు చోట్ల ఉన్నాయి. పెద్ద భాగం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీది. 1933లో సోవియట్ ప్రభుత్వం దగ్గర లక్ష పౌండ్లకు కొన్నారు. 2009లో ఈ నాలుగు చోట్ల ఉన్నవాటిని కలిపి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఏ పుట తీసినా పక్కనే అచ్చు గ్రీకులో దాని పాఠం కనిపిస్తుంది.

మొదటిసారి చూస్తే కళ్లు తిరుగుతాయి. పేజీకి నాలుగు నిలువు వరసలు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. మన తాళపత్రాల్లోనూ ఉండదు కదా, కంగారు పడొద్దు. కొన్ని మాటల మీద అడ్డగీత కనిపిస్తుంది. దేవుడు, ప్రభువు, యేసు, క్రీస్తు లాంటి మాటలను రెండు మూడు అక్షరాలకు కుదించి పైన గీత పెట్టడం ఆ కాలపు క్రైస్తవ లేఖకుల అలవాటు. గ్రీకు రాకపోయినా ఆ గీతలను ఒక పుటంతా వెతికి గుర్తుపట్టండి. మొదటి రోజు పాఠానికి అది చాలు.

తర్వాత వాటికన్ లైబ్రరీ సైట్‌లో కోడెక్స్ వాటికనస్ తెరవండి. పేజీకి మూడు వరసలు. హెబ్రీ పత్రిక మొదటి అధ్యాయం పక్కన మార్జిన్‌లో ఒక లేఖకుడు తనకు ముందు దిద్దినవాడి మీద కోపంతో, "తెలివితక్కువవాడా, దుర్మార్గుడా, పాత పాఠాన్ని అలాగే ఉంచు, మార్చకు" అనే అర్థంలో రాసిన మాటలు ఇప్పటికీ ఉన్నాయి. ఇలాంటివి కంటపడినప్పుడే ఈ పని అలవాటుగా మారుతుంది. పాత నిబంధన వైపు ఆసక్తి ఉంటే 1947 ప్రాంతం నుంచి మృతసముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో దొరికిన మృతసముద్రపు చుట్టలు చూడండి. వాటిలో యెషయా గ్రంథపు చుట్ట ఏడు మీటర్లకు పైగా పొడవు, మొత్తం ఆన్‌లైన్‌లో ఉంది.

భాష ఒక్కటే పట్టుకోండి

ఇక్కడే చాలామంది చెడిపోతారు. గ్రీకు, హీబ్రూ, లాటిన్, కాప్టిక్ అన్నీ ఒకేసారి మొదలుపెట్టి, ఆరు నెలలకు అన్నింటిలోనూ అక్షరమాల దగ్గరే ఉంటారు. కొత్త నిబంధన మీద మనసుంటే గ్రీకు, పాత నిబంధన అయితే హీబ్రూ. ఒకటి తీసుకుని ఏడాది దాన్నే చదవండి. రోజూ నలభై నిమిషాలు చాలు కానీ రోజూ చదవాలి. ఆదివారం ఆరు గంటలు కూర్చొని మిగతా వారమంతా వదిలేస్తే క్రియారూపాలు నిలవవు.

గ్రీకులో 24 అక్షరాలు, హీబ్రూలో 22. అక్షరాలు వారంలో వస్తాయి. క్రియల దగ్గర మాత్రం ఓపిక కావాలి. ఇంగ్లిష్ మీడియంలో చదవనివారికి గ్రీకు విభక్తులు నిజానికి తేలిక. ని, ను, చేత, కొరకు అంటూ బడిలో విభక్తులు వల్లెవేసినవారికి, నామవాచకం చివర మారితే అర్థం మారుతుందని వేరే చెప్పక్కర్లేదు.

మీకు ఉర్దూ చదవడం వస్తే మాత్రం ముందు హీబ్రూ గానీ, దానికి చుట్టమైన సిరియాక్ గానీ చూడండి. కుడి నుంచి ఎడమకు చదవడం అలవాటే ఉంటుంది. మూడు హల్లుల చుట్టూ మాటలు అల్లుకునే తీరు అరబ్బీ నుంచి వచ్చిన ఉర్దూ మాటల్లో మీరు రోజూ వాడేదే. పాలమూరులో, నల్గొండలో ఇంట్లోనో గల్లీలోనో ఉర్దూ వింటూ పెరిగినవారు ఎంతోమంది. అది తమకు కలిసొచ్చే విషయమని వారికే తెలియదు.

చూసి రాయడం, అసలు పని ఇదే

అక్షరాలు, కొంత వ్యాకరణం వచ్చాక ఒక పుటలో ఒకే నిలువు వరస ఎంచుకోండి. రూళ్ల నోటుబుక్కు తీసుకుని పెన్సిల్‌తో ప్రతిలో ఉన్నది ఉన్నట్టు రాయండి. లేఖకుడు ఎక్కడ లైను ఆపితే మీరూ అక్కడే ఆపండి. తప్పు కనిపిస్తే దిద్దకండి, తప్పుతోనే రాయండి. అచ్చు బైబిల్‌లో ఏముందో అప్పుడే చూడకూడదు. చూస్తే మీ కన్ను ప్రతిలో లేనిది కూడా చదివేస్తుంది. అస్పష్టంగా ఉన్న అక్షరం కింద చుక్క పెట్టండి. చిరిగిపోయి కనిపించని అక్షరాలను చదరపు బ్రాకెట్లలో పెట్టండి. ఇవి నేను కల్పించిన గుర్తులు కావు, పపైరస్ (ఈజిప్టు రెల్లుతో చేసిన పాత కాగితం) మీది రాతలు చదివే పండితులంతా వాడే పద్ధతి. వరసంతా అయ్యాక సైట్‌లోని పాఠంతో పోల్చి, మీ తప్పులను విడిగా ఇంకో పేజీలో రాసుకోండి. కొన్ని వారాలకు ఆ పేజీలో ఒక క్రమం కనిపిస్తుంది. ఏ అక్షరాన్ని దేనిగా పొరబడుతున్నారో తెలుస్తుంది. వెయ్యేళ్ల కిందటి లేఖకులు కూడా అదే అక్షరాల దగ్గర పొరబడ్డారని చూస్తే ఆశ్చర్యపోతారు.

జర్మనీలో మ్యూన్‌స్టర్ నగరంలో కొత్త నిబంధన పాఠ పరిశోధనా సంస్థ ఉంది. 1959లో కుర్ట్ ఆలండ్ మొదలుపెట్టింది. గ్రీకు రాతప్రతులకు నంబర్లు ఇచ్చేది వారే. పపైరస్‌లకు 'పీ' అక్షరంతో, పెద్దక్షరాల ప్రతులకు సున్నాతో, తర్వాతి కాలపు చిన్నక్షరాల ప్రతులకు మామూలు అంకెలతో నంబరు మొదలవుతుంది. సైనైటికస్ 01, వాటికనస్ 03. ప్రతుల ఫొటోలుండే వారి ఆన్‌లైన్ వర్చువల్ మాన్యుస్క్రిప్ట్ రూమ్‌లో ఉచితంగా ఖాతా తెరిచి, ఏ పుటలో ఏ వచనాలు ఉన్నాయో గుర్తించే పనిలో మీరూ చేరొచ్చు. సాఫ్ట్‌వేర్ నేపథ్యం ఉన్నవారు ఇక్కడ త్వరగా కుదురుకుంటారు. పాఠాలను ఎక్స్‌ఎంఎల్‌లో గుర్తులు పెట్టి దాచడం, ప్రతులను కంప్యూటర్‌తో పోల్చడం, చేతిరాతను యంత్రంతో చదివించడం ఇవన్నీ ఇప్పుడు ఈ రంగంలో రోజువారీ పనులే. హైదరాబాద్‌లో కోడింగ్ చేస్తూ వారాంతానికి మహబూబ్‌నగర్ వచ్చే కుర్రాడికి, గ్రీకు వచ్చిన థియాలజీ విద్యార్థికి లేని సౌకర్యం ఉన్నట్టే.

ఊళ్లోనే చేయదగిన సాధన

గ్రీకు ప్రతి మన దగ్గర దొరకదు కానీ పాత చేతిరాతకు కొదవ లేదు. నిజాం కాలం సేత్వార్లు, ఉర్దూలో రాసిన పాత పహాణీలు లాంటి భూమి రికార్డులు చదివిపెట్టే పెద్దమనిషి మీ మండల కేంద్రంలో ఎవరైనా ఇంకా ఉంటే, ఆయన్ను బతిమాలి నాలుగు ఆదివారాలు పక్కన కూర్చోండి. చుక్కలు ఎగ్గొట్టి గొలుసుకట్టుగా రాసిన చోట సర్వే నంబరు, పట్టాదారు పేరు ఎలా పట్టుకుంటారో చూడండి. ముందు తెలిసిన మాటలు గుర్తుపట్టి, ఆ మాటల్లోని అక్షరాల సాయంతో తెలియని మాట విప్పుతారు. లిపిశాస్త్రం తరగతిలో మొదట నేర్పేదీ అదే.

పానగల్లు మ్యూజియంలో, పిల్లలమర్రి దగ్గరి జిల్లా మ్యూజియంలో శాసనాలు చూడండి. తాళపత్రాల కోసం ఉస్మానియా ఆవరణలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి వెళ్లొచ్చు. ముందు లేఖ రాసి అనుమతి తీసుకోవాలి. మన జిల్లాల్లో బాప్టిస్టు, మెనొనైట్ బ్రదరెన్ మిషన్లు నాటిన పాత చర్చిల్లో బాప్తిస్మ రిజిస్టర్లు, పెళ్లి రిజిస్టర్లు ఉంటే, పెద్దల అనుమతితో ఫొటోలు తీసి, ఏ పుటలో ఏముందో పట్టిక చేసి ఆ పట్టిక చర్చికే ఇవ్వండి. రేపు ఏ సంస్థలోనైనా "మీరు ఇదివరకు ఏం చేశారు" అని అడిగితే చూపించడానికి అదొక పని. ఏ కాగితమూ ఇంటికి తెచ్చుకోకండి, కొనకండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతికి 75 ఏళ్లు నిండితే అది పురావస్తువే.

కొట్టాయం దారి

నల్గొండ స్టేషన్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కొట్టాయంలో దిగొచ్చు. అయ్యప్ప మాల వేసుకున్నవారికి బాగా తెలిసిన రైలే. ఆ ఊళ్లో సెయింట్ ఎఫ్రెమ్ ఎక్యుమెనికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అందరూ సీరి అంటారు. 1985లో మొదలైంది. అక్కడ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం గుర్తింపుతో సిరియాక్ భాషలో ఎం.ఏ. చదవొచ్చు. ఆ విశ్వవిద్యాలయం కేరళది, మన నల్గొండలో అదే పేరుతో ఉన్నది కాదు. ప్రవేశ అర్హతలు, ఫీజు, హాస్టల్ విషయం ఏడాదికేడాది మారొచ్చు కాబట్టి నేరుగా ఫోన్ చేసి కనుక్కోండి. ఇంకా మంచిది, రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లి లైబ్రరీ చూసి రండి.

సిరియాక్ ఎందుకంటారా? అరామిక్ భాషలో ఒక శాఖ ఇది. బైబిల్ చాలా తొందరగా ఈ భాషలోకి వచ్చింది, కాబట్టి గ్రీకు పాఠం తేల్చడానికి సిరియాక్ ప్రతులు పెద్ద సాక్ష్యం. కేరళ క్రైస్తవులు శతాబ్దాలపాటు ఆరాధనలో వాడింది ఈ భాషే. 1599లో ఉదయంపేరూరు సభలో పోర్చుగీసు ఆర్చిబిషప్ ఆధ్వర్యాన పాత సిరియాక్ పుస్తకాలను దిద్దాలి లేదా నాశనం చేయాలని తీర్మానించారు. చాలా పోయాయి. అయినా మిగిలినవి తక్కువేం కాదు. 1806లో క్లాడియస్ బుకానన్ కేరళ నుంచి తీసుకెళ్లిన సిరియాక్ బైబిల్ ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో ఉంది. మన్నానం మఠంలో, పాంపాక్కుడలోని కోనాట్టు గ్రంథాలయంలో ప్రతులు ఉన్నాయి. అమెరికాలోని హిల్ మ్యూజియం అండ్ మాన్యుస్క్రిప్ట్ లైబ్రరీ కేరళ ప్రతులెన్నింటినో డిజిటల్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. సిరియాక్ లిపి చదవడం నేర్పే పాఠాలు కూడా ఆ సంస్థ ఉచితంగా ఇస్తోంది. గ్రీకు ప్రతుల మీద రెండు వందల ఏళ్లుగా యూరప్ పండితులు పనిచేస్తున్నారు. సిరియాక్ చదవగలిగేవారు అంతమంది లేరు. కొత్తగా వచ్చినవారికి చోటు ఉండేది అక్కడే.

వయసు మించిపోయిందన్న దిగులుంటే ఆగ్నెస్ స్మిత్ లూయిస్ సంగతి వినండి. స్కాట్లాండ్ మనిషి, 1843లో పుట్టింది, యూనివర్సిటీ డిగ్రీ లేదు. నలభై దాటాక సిరియాక్ నేర్చుకుని, 1892లో కవల సోదరితో కలిసి సీనాయి మఠానికి వెళ్లింది. అక్కడ సాధ్వీమణుల కథలు రాసిన ఒక పాత పుస్తకంలో, చెరిపేసిన మొదటి రాత లీలగా కనిపిస్తే అది సువార్తల పాఠమని గుర్తుపట్టింది. ఇప్పటికీ సువార్తల సిరియాక్ అనువాదాల్లో అతి పాత సాక్ష్యాల్లో అదొకటి. ఆ అక్కచెల్లెళ్లకు బాగా ఆస్తి ఉండేదన్న మాట కూడా దాచకూడదు.

డిగ్రీలు, డబ్బులు

కొట్టాయం వద్దనుకుంటే థియాలజీ దారి ఉంది. హైదరాబాద్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ, బెంగళూరులో యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, రెండూ థియాలజీ డిగ్రీలిచ్చే సేరంపూర్ సెనేట్ కిందివే. బి.డి. (థియాలజీలో మొదటి డిగ్రీ) చేసి, ఎం.టి.హెచ్.లో (ఆ పై డిగ్రీ) పాత లేదా కొత్త నిబంధన తీసుకుని, తర్వాత డాక్టరేట్. ఏళ్లు పడుతుంది. అక్కడ ఉండి చదవాలి కాబట్టి ఉద్యోగంతో కుదరదు. ఉద్యోగం చేస్తూ చదివేవారికి సేరంపూర్‌దే బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్ ఉంది, కానీ పాత భాషలు నేర్చుకోవడానికి దాన్ని నమ్ముకోకండి. విదేశాల్లో పీహెచ్‌డీ ఆలోచన ఉంటే మ్యూన్‌స్టర్, బర్మింగ్‌హామ్ లాంటి చోట్ల ఈ పనికే కేంద్రాలున్నాయి. జర్మన్ చదవడం కొంతైనా రావాలి. హైదరాబాద్‌లో విదేశీ భాషలు నేర్పే ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో నేర్చుకోవచ్చు. మైనారిటీ విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. మీ కోర్సు, దేశం, వయసు ఆ ఏటి నోటిఫికేషన్‌కు సరిపోతాయో లేదో ఏజెంటు మాట నమ్మకుండా మీరే చదవండి.

చివరికి కొలువులు ఇవీ: థియాలజీ కాలేజీలో అధ్యాపకత్వం, బైబిల్ అనువాద సంస్థల్లో భాషా సలహాదారు పని, డిజిటలీకరణ ప్రాజెక్టుల్లో ఫొటోలు, కేటలాగు పని, అదృష్టముంటే విశ్వవిద్యాలయ పరిశోధన. ప్రాజెక్టు కొలువులు రెండు మూడేళ్లకే ముగుస్తాయి. అందుకే ఉద్యోగం మానే ముందు చిట్టీలు, బంగారం మీది లోను తీర్చేసి, ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టండి.

ఇంట్లో మాట, చర్చిలో మాట

"ఉన్న కొలువు ఇడిసిపెట్టి గీ పాత కాయితాలు సదువుడేంది బిడ్డా?" అని అమ్మ అడుగుతుంది. ఆమెకు సైనైటికస్ గురించి చెప్పకండి. నెలనెలా జీతం వస్తూనే ఉంటుందని చెప్పండి, ఇనుకుంటది. పాస్టర్ గారితో మాట్లాడటం ఇంకొంచెం కష్టం. ప్రతుల్లో తేడాలున్నాయని వినగానే వాక్యం మీద అనుమానం పుట్టిస్తున్నారని అనుకోవచ్చు. ఆదివారం సాక్ష్యం చెప్పమన్నప్పుడు మైకు పట్టుకుని మార్కు 16 గురించి మాట్లాడితే గొడవే. విడిగా ఇంటికి వెళ్లి, లేవీయుడి కథ ఫోన్‌లో చూపించండి. చాలామంది పాస్టర్లు కుతూహలంగా చూస్తారు, వారికి ఇవి ఎవరూ చూపించలేదు.

వాట్సాప్‌లో తిరిగే "బంగారు అక్షరాల రెండు వేల ఏళ్ల బైబిల్" వీడియోలను సమర్థించడం మాత్రం ఇకనుంచి మానేయాలి. నకిలీలు పెద్దవాళ్లనే బోల్తా కొట్టించాయి. వాషింగ్టన్‌లోని బైబిల్ మ్యూజియం తన దగ్గరున్న 16 మృతసముద్రపు చుట్టల ముక్కలూ నకిలీవేనని 2020లో ఒప్పుకుంది. ఎక్కడ దొరికింది, ఎవరి చేతులు మారింది అన్న చరిత్ర లేని ప్రతి గురించి ఏ అభిప్రాయమూ రాయకండి.

ప్రొఫెసర్లకు ఉత్తరం

ఏడాది, ఏడాదిన్నర సాధన తర్వాత మీరు చదవాలనుకున్న చోట పనిచేసే ఒక ప్రొఫెసర్‌కు మెయిల్ రాయండి. పది వాక్యాలు మించకూడదు. మీ ఉద్యోగం, ఊరు ఒక వాక్యంలో. ఏ భాష, ఎంతకాలంగా చదువుతున్నారో ఒక వాక్యంలో. మిగతాదంతా మీరు చదివిన ఒకే ఒక్క పుట గురించి: ప్రతి నంబరు, పుట నంబరు, అక్కడ మీకు కనిపించిన చిన్న విషయం, దాని మీద మీ ప్రశ్న. మీ నోటుబుక్కులోని ఆ పేజీ ఫొటో జతచేయండి. "చిన్నప్పటి నుంచి బైబిల్ అంటే ప్రేమ" అని మొదలుపెట్టిన ఉత్తరాలు వారికి రోజూ వస్తాయి. మూడు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే అదే ప్రశ్నతో ఇంకొకరికి రాయండి.